కొమురయ్య పేరు కింది మొకం

పెద్దబాపు పోయిన తెల్లారి తిరుపతి అన్న ఫోన్ చేశాడు. మేమిద్దరం మాట్లాడుకోక ఎన్నేండ్లయిందో లెక్కపెట్టే ఓపిక ఇద్దరికీ లేదు కాబట్టి నేరుగా సంగతిలోకి వచ్చాడు. "తమ్మీ, బాపు ఫోటో నీ తాన ఉంటది గదా. గా సమ్మెప్పటిది. ఫ్లెక్సీకి గావాలె." పెద్దబాపు అంటే మా బాపుకు అన్న, తిరుపతికి కన్నతండ్రి. ఆ ఫోటో తీయించింది తిరుపతే. నేను చేసిన పేజీలోకి నాకు తెలియకుండా దూర్చింది తిరుపతే. దాంతో నలుగురిలో తన తండ్రి పరువు తీసిందీ తిరుపతే. ఇప్పుడు అదే ఫోటో పెద్దకర్మకు కావాలని అడుగుతున్నదీ ఆయనే. సిగ్గు లేకపోవడం కూడా ఒక ఆస్తే, దాన్ని ఏ దాయాదీ పంచుకోలేడు. "ఆధార్ కార్డు మీది ఫోటో లేదా?" అన్నాను. "పెద్దగ జేస్తె దయ్యం లెక్క అచ్చిందిర" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు వచ్చిందేమో అనబోయి, శవం లేచిన ఇల్లు కదా అని ఊరుకున్నాను. నా జీవితంలో ఊరుకున్న సందర్భాలు తక్కువ గనక ఇది గుర్తుంది.

ఫోటో ఉన్న సీడీ గోదావరిఖనిలో మా ఇంట్లోనే, బాపు తన బాయి బూట్లు దాచుకున్న రేకు పెట్టెలో దొరికింది. బాయి అంటే మా దిక్కు బొగ్గుగని. నీళ్లు అందులోనూ ఉంటాయి, కాకపోతే అవి తాగేవి కావు, తోడి పారబోసేవి. సీడీ మీద నా అప్పటి వంకర రాతలో 'మా బాయి' అని ఉంది. సీడీ చదివే కంప్యూటరు కోసం సగం బజారు తిరిగి, చివరికి ఒక జిరాక్సు దుకాణంలో ఫైళ్లు తీయించి ఫోన్లోకి ఎక్కించుకున్నాను. నల్లటి నేల మీద పచ్చటి అక్షరాలు. ఆ వయసులో అదే అందమనుకున్నాను, ఇప్పుడు చూస్తే కండ్ల దవాఖాన బోర్డులా ఉంది. ఒక పెద్ద పేరా నిండా మనుషుల పేర్లు. కొమురయ్య అన్న పేరు మీద వేలు పెట్టాను. ఏమీ రాలేదు. గట్టిగా నొక్కాను. ఫోన్ 'కాపీ చేయమంటావా' అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పేజీకి మౌసు కావాలి. మౌసు బాణాన్ని పేరు మీద ఊరికే ఆనించాలి, నొక్కకూడదు. ఆనిస్తే పేరు కింద నుంచి మొకం బయటికొస్తుంది, బాణం జరిపితే పోతుంది. ఫోన్లో ఆనించడం అన్న పనే లేదు. నొక్కుడు, తోసుడు, రెండే. ఈ కాలం గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పాల్సింది నా దగ్గర లేదు.

ఆ విద్య నేను నేర్చింది చౌరస్తా దగ్గర, బట్టల దుకాణం మీద ఉన్న కంప్యూటర్ సెంటర్లో. ఇనుప మెట్లెక్కి చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. గోడ మీద 'దుమ్ము రానీయరాదు' అని రాసి ఉండేది. గోదావరిఖనిలో ఆ మాట రాసి గోడకు తగిలించిన మనిషి ఎంత అమాయకుడో చెప్పనక్కర్లేదు. ఆయన మా సారు, కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. నోరు తెరిస్తే 'అండీ', పక్కింటి కుక్కను కూడా 'వెళ్లండి' అని అదిలించేవాడు. వెబ్ పేజీలు చేయడం, వాటికి సొగసులు అద్దడం ఆయనే నేర్పాడు. ఒక దినం బోర్డు మీద హోవర్ అని రాసి, "చూడండి సంపత్ గారూ, బొమ్మ పేజీలోనే ఉంటుంది. స్టైల్లో డిస్‌ప్లే నన్ అని రాస్తే కనబడదు. బాణం పేరు మీదకి రాగానే డిస్‌ప్లే బ్లాక్ అని ఇంకో మాట రాసుకోవాలి. అప్పుడు కనబడుతుంది" అన్నాడు.

"అంటే అప్పటిదాకా బొమ్మ లేనట్టా సార్?"

"లేకపోవడం ఏంటండీ! ఉంటుంది. చూపించమంతే."

సారు దాన్ని కొత్త విద్య అన్నట్టు చెప్పాడు. మా ఇంట్లో పుట్టినవాడికి అది ఉగ్గుపాలతో వస్తుంది.

మా బాపు అసలు పేరు ఓదెలు. కంపెనీ లెక్కలో మాత్రం కొమురయ్య. అది మా పెద్దబాపు పేరు. నౌకరి మొదట పెద్దబాపుకే వచ్చింది, ఆయన పేరు మీద బాపు చేరాడు. అన్న పేరు మీద తమ్ముడు, బావ పేరు మీద బావమరిది, సచ్చినోని పేరు మీద బతికున్నోడు దిగడం మా దిక్కు వింతేమీ కాదు. మారుపేరు అంటారు. ఒకసారి ఆ పేరుతో బాయి దిగేటప్పుడు చూపే నెంబరు బిళ్ళ చేతికొచ్చిందా, ఇక రేషన్ కార్డు, ఓటు, గ్యాసు బుక్కు అన్నీ ఆ పేరు వెంటే నడుస్తాయి. జైపూర్ దిక్కు మా ఊరికి పోయినప్పుడు ఎవరైనా 'కొమురయ్యా' అని కేకేస్తే అన్నదమ్ములిద్దరూ తలెత్తేవాళ్లు. 'ఓదెలూ' అంటే మాత్రం బాపు రెండో కేకకు గాని పలికేవాడు కాదు. బళ్లో నా తండ్రి పేరు కొమురయ్య. తిరుపతి తండ్రి పేరూ కొమురయ్యే, ఊరూ ఒకటే. కాయితాల ప్రకారం మేం సొంత అన్నదమ్ములం. పగవాడు కూడా నాకు ఇంతటి కీడు తలపెట్టడు.

అందరికన్నా ఎక్కువ కాలిపోయింది మా అవ్వ, అంటే మా అమ్మ. పెద్దబాపు ఎదురుగా ఆమె ఏనాడూ కూచోలేదు, కొంగు నెత్తి మీది నుంచి దించలేదు. అలాంటిది ప్రతి కాయితం మీదా 'కొమురయ్య భార్య'. "నన్ను తీస్కపోయి మా బావకు గట్టిండ్రుర కాయితంల. గీ పెండ్లి ఎవనికి గావాలె?" అని, దరఖాస్తు రాయాల్సి వచ్చినప్పుడల్లా వేలిముద్ర వేసే ముందు ఒకసారి బాపును తిట్టేది. వేలిముద్ర వేశాక ఇంకోసారి తిట్టేది. బాపు వినేవాడు. మొదటి షిఫ్టు నుంచి వచ్చి, బొగ్గుల పొయ్యి మీద మసిలిన నీళ్లతో క్వార్టరు వెనక ఒళ్లు రుద్దుకుంటూ వినేవాడు. నీళ్లు మొదట నల్లగా, తర్వాత బూడిద రంగులో, చివరికి సబ్బు రంగులో పోయేవి. నుదుటి మీద బొగ్గుపెళ్ళ గీసి పోయిన నీలం చార మాత్రం ఏ సబ్బుకూ పోయేది కాదు. నైటు షిఫ్టు వారంలో ఆయన పగలు పడుకుంటే ఇల్లంతా సైగలతో నడిచేది. మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగు అయ్యి, అలమారలో గిన్నెలన్నీ ఒక్కసారి గలగలమంటే అవ్వ వాటినీ తిట్టేది. ఈ మధ్య పొయ్యిల వాసన, బాయి వాసన అంటూ కమ్మగా రాసేవాళ్లను చదువుతున్నాను. బొగ్గుపొగ కమ్మగా ఉండదు. దగ్గొస్తుంది. వాళ్ల వంటిల్లు ఎవరిదో మరి.

ఇట్లా రెండు పేర్లతో బాపు దినాలు నడుస్తుండగా మోకాళ్లు మొండికేశాయి. మెడికల్ బోర్డు వాళ్లు అన్‌ఫిట్ అని రాస్తే, నౌకరి కొడుక్కు వస్తుంది. కొడుకు అంటే కాయితం మీది కొడుకు. ఆ సంగతి మా ఊరికి చేరడానికి బస్సు అవసరం పడలేదు. ఒక పొద్దున పెద్దబాపును వెంటేసుకుని తిరుపతి మా క్వార్టరుకు దిగాడు. పెద్దబాపు ముక్కు పక్కన శనగగింజంత పుట్టుమచ్చ ఉండేది, కోపం వస్తే అది కూడా ఎర్రబడేది. ఆయన కుర్చీలో సర్దుకుని ఎప్పటి పాటే అందుకున్నాడు. "నాకు రాసిపెట్టిన నౌకరి, తమ్ముడు బతుకుతడని దానమిచ్చిన. నేనిడిసిపెడితె మీరు తిన్నరు." ఈ పాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. మాకు పెట్టిన ప్రతి పండుగ పిలుపులో ఆ దానం ఉండేది, పొలం గట్టు తగాదాలో ఉండేది, కోడికూరలో మాకు పడే మెడ ముక్కలో కూడా ఉండేది.

తిరుపతి మాత్రం పాటలు పాడడానికి రాలేదు. "పేరెవలది కాకా?" అన్నాడు బాపును చూసి. "మా బాపుది. మరి కొమురయ్య కొడుకంటె ఎవలు? నేను. నౌకరి నాకు రావాలె."

"చేసిందెవలుర?" అంది అవ్వ, తలుపు చాటు నుంచే. "మోకాళ్లు వోయినయి ఎవలియి? గవి గూడ మీ బాపువేనా? తీస్కపోండ్రి మరి, మూటగట్టిస్త."

"నువ్వాగు చిన్నవ్వా. ఇయ్యకుంటె పిటిషన్ ఏస్త. బాయిల చేసేటాయన కొమురయ్య గాదు, ఓదెలు అని రాస్త. కొమురయ్య మా ఇంట్ల ఉన్నడు, అచ్చి సూసుకోండ్రి అంట."

బాపు నుదుటి మీది నీలం చారను గోకుకుంటూ కూచున్నాడు. పిటిషన్ పడితే ఆగేది అన్‌ఫిట్ ఒక్కటే కాదు. రిటైరై దిగిపోవడానికి కొద్ది ఏండ్ల ముందర బాపును గేటు బయటికి తోస్తారు, ఇన్నేండ్ల సర్వీసంతా దొంగపేరు మీద చేసిందవుతుంది, క్వార్టరు ఖాళీ చేయాలి. నిజం చెప్పాలంటే నాకు ఆ నౌకరి మీద ఆశ లేదు. నాకు చీకటంటే భయం. కానీ నాకు అక్కర్లేనిది తిరుపతికి దక్కడం అంటే అంతకన్నా భయం. "కాఫీ తాగుతవా అన్నా, నీ పేరు మీద నేను తాగాల్నా?" అని అడిగాను. అందరూ నన్ను తిట్టారు. అన్నదమ్ములు కలిసి చేసిన పని ఆ దినం అదొక్కటే.

ఇంతలో రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బాయిలన్నీ బందు. అంతకుముందు షిఫ్టుల పుణ్యమా అని ఒకరి మొకం ఒకరు సగం సగమే చూసుకునే మొగుడుపెండ్లాలు దినమంతా ఎదురెదురుగా కూచోవాల్సి వచ్చింది. కాలనీలో ఏ ఇంట చూసినా కొట్లాటే. అందుకే మొగోళ్లంతా పొద్దున్నే టెంటుకు పారిపోయేవాళ్లు, దానికి ఉద్యమం అని గౌరవంగా పేరుండేది. టెంటులో పెద్దమనిషి పోశం మామ. బాపుతో కలిసి ఒకే రిలేలో, అంటే ఒకే షిఫ్టు జట్టులో పనిచేసినవాడు, ఒకర్నొకరు బావా అంటే బావా అనుకునేవాళ్లు. చదువు లేదు, గొంతు మాత్రం మైకు అవసరం లేనిది. ఒక దినం టీవీలో సమ్మె వార్తలు చూసొచ్చి విరుచుకుపడ్డాడు. "ఎప్పుడు సూడు లీడర్ల మొకాలే. బందు జేసింది మేమైతిమి, మొకం వాళ్లదా? మా మొకాలు ఎవడు సూపాలె?" తర్వాత నా వైపు తిరిగి, "ఏం అల్లుడా, కంప్యూటర్లు నేరుస్తున్నవట గదా. ఉత్తగ నేరుస్తున్నవా, ఏమన్న అచ్చునా?" అన్నాడు.

అట్లా పుట్టింది ఆ పేజీ. మా రిలే మనుషులు వీళ్లు అని మొదలుపెట్టి పేర్లన్నీ ఒక పేరాగా రాశాను. ఏ పేరు మీద బాణం ఆనిస్తే ఆ మనిషి బయటపడతాడు. రాయడం సులువే, ఫోటోలు సంపాదించడంలో ప్రాణం పోయింది. ఒకాయన తన పెండ్లి ఫోటో తప్ప మరొకటి లేదన్నాడు, బాసింగం కత్తిరించేసరికి సగం నుదురు పోయింది. ఇంకొకాయన ఫోటోలో పక్కన మేక ఉంది, దాన్ని తీసేయొద్దన్నాడు. మొదట్లో బాణం ఆనించగానే బొమ్మ నడుమ పడి మిగతా పేర్లన్నింటినీ కిందికి తోసేసేది. అది చూసి, అచ్చం రేషన్ దుకాణం ముందర వరుస లెక్కుందన్నాను. సారు నవ్వలేదు. పొజిషన్ ఆబ్సొల్యూట్ అని రాయించాడు. అప్పట్నుంచి మొకాలు ఎవర్నీ తోయకుండా పేర్ల మీద తేలుతూ వచ్చేవి. బాపు దగ్గరికి వచ్చేసరికి ఏ పేరు రాయాలని అడిగాను. "కొమురయ్యనే రాయి" అన్నాడు. అవ్వ అడ్డుపడింది, పేరూ మొకం పక్కపక్కన పెట్టి తిరుపతి చేతికి కత్తి ఇస్తున్నారంది. "కంపెనీల లేదా గదే మొకం గదే పేరు? బాయిల నన్ను ఓదెలంటె ఎవడెరుగు?" అన్నాడు బాపు. కొమురయ్య అని రాసి, దాని కింద నీలం చార ఉన్న మొకం దాచాను.

రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్న దినం పొద్దుగూకాక ఆ పేజీ చూపించాలని పోశం మామ నిర్ణయించాడు. సారు ప్రొజెక్టరు తెచ్చాడు. సమ్మె మీద ప్రేమో, సెంటరు బోర్డు మీద ప్రేమో నేను అడగలేదు. టెంటుకు ఒక పక్క తెల్ల దోతి కట్టారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బియ్యం, కూరగాయలు పట్టుకొచ్చారు, మా ఊరోళ్లూ వచ్చారు. పెద్దబాపు ఒక పెద్ద గుండిగ పక్కన కూచుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. తిరుపతి మాత్రం సారు కుర్చీ వెనకే నిలబడ్డాడు, బారాత్‌లో పెండ్లికొడుకు పక్కన తోటి పెండ్లికొడుకులా. ఆ కులాసా ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు. పొద్దున పేజీ తెరిచి చూసుకున్నాను, పేర్లన్నీ ఉన్నాయి, అక్షరం మారలేదు. ప్రతి పేరు మీదా బాణం పెట్టి చూసే ఓపిక చేసి ఉంటే తెలిసేది. ఆ పేజీ గుణమే అది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

సారు మౌసు పట్టుకుని ఒక్కో పేరు మీద బాణం ఆనిస్తుంటే దోతి మీద ఒక్కో మొకం తేలింది. ఈలలు. మేక వచ్చినప్పుడు ఇంకా పెద్ద ఈలలు. పోశం మామ మొకం వచ్చినప్పుడు ఆయనే లేచి తనకు తానే దండం పెట్టుకున్నాడు. తర్వాత బాణం కొమురయ్య మీదికి పోయింది. దోతి నిండా మా పెద్దబాపు. నెత్తి మీద బాయి టోపీ, టోపీకి లైటు, ముక్కు పక్కన పుట్టుమచ్చ అంబలి గిన్నెంత. తిరుపతి ఆయన్ను మంచిర్యాల స్టూడియోకు తీసుకుపోయి, ఎవరిదో టోపీ అడుక్కొచ్చి నెత్తిన పెట్టి మరీ తీయించాడు. నేను సారు వైపు చూశాను. "వారు పెన్‌డ్రైవ్ తెచ్చారండీ" అన్నాడు సారు. "కొమురయ్య గారి ఫోటో మార్చమన్నారు. కొమురయ్య గారి అబ్బాయినే అన్నారు. నిజమే కదండీ?" నిజమే. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

టెంటులో గుసగుస మొదలైంది. ఈయనెవలు అని ఒకరు, మన కొమురయ్య ఏడి అని ఒకరు. సారు బాణం జరపబోయాడు. తిరుపతి ఆయన భుజం మీద చెయ్యేసి, "ఆన్నే ఉంచు సార్. అందరు సూడనియ్యి. కొమురయ్యంటె ఎవలో అందరు సాక్ష్యం ఉండనియ్యి" అన్నాడు, అందరికీ వినబడేలా. ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే బాణం తర్వాతి పేరు మీదికి పోయేది, జనం అన్నం మీదికి పోయేవాళ్లు. కానీ మొకం అక్కడే నిలబడింది. చూడమన్నాడు కదా అని పోశం మామ చూశాడు. దగ్గరికి పోయి చూశాడు. దోతిని చేత్తో తడిమి చూశాడు.

"ఆగుండ్రి. గీ మచ్చ నాకెరుకే" అన్నాడు. "గీ టోపీల సూసిన గీ మచ్చను." ఇంకాసేపు చూసి ఒక్కసారి తొడ చరుచుకున్నాడు. "ఓరి నీ! గీయన మాతోని మొదటి దినం బాయి దిగినోడే గదర! లైటు ఆరితె 'అవ్వా' అని మొత్తుకున్నడు సూడు, గాయన! నా కాలు వట్టుకున్నడు. ఎంత గుంజుకున్నా ఇడిసిపెట్టలే. ఇగ నేనే మీదికి తోల్కచ్చిన. ఎక్కినోడు ఎక్కినట్టే ఉరికిండు, మల్ల కనవడలే. తెల్లారి గదే బిళ్ళవట్టుకోని ఇంకో కొమురయ్య అచ్చిండు. మేమేం అడుగుతం? వీడు ఏడుస్తలేడు గదా అని సంబురపడ్డం."

టెంటు విరగబడి నవ్వింది. సమ్మె మొదలయ్యాక అంత నవ్వు ఆ టెంటులో పుట్టలేదు. నేనూ నవ్వాను, అందరికంటే కొంచెం ఎక్కువే. దానమిచ్చిన నౌకరి! ఇన్నేండ్ల పండుగ పిలుపులు, గట్టు తగాదాలు, మెడ ముక్కలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తిరుపతి చెయ్యి ఇంకా సారు భుజం మీదే ఉంది, తీయాలని కూడా తోచలేదు వాడికి. పెద్దబాపు ఉల్లిగడ్డల కుప్ప మధ్య నుంచి లేచాడు. చేతిలో కత్తి ఉంది, కానీ ఆ కత్తితో ఉల్లిగడ్డ కూడా తెగేలా లేదు. "తియ్యిర" అన్నాడు. ఎవరూ తీయలేదు. "తియ్యిరది, మీకు దండం వెడత" అన్నాడు. దోతి మీద మాత్రం ఆయన టోపీ పెట్టుకుని ధీమాగా మమ్మల్నందరినీ చూస్తున్నాడు.

అప్పుడు బాపు లేచాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా సారు బల్ల దాకా నడిచాడు. మౌసును బాపు ఆ దినం దాకా ముట్టుకోలేదు. బల్ల మీది బొగ్గుపెళ్ళను పక్కకు తోసినట్టు చేతివెనకతో ఒక్క తోపు తోశాడు. బాణం ఎటో పోయింది, పెద్దబాపు మొకం మాయమైంది. మౌసు కింద పడి, లోపలి ఉండ ఊడి టెంటంతా దొర్లింది. "నవ్వింది సాలుగని, లేవుండ్రి. బువ్వ సల్లారుతది" అన్నాడు బాపు. చాలామంది ఆ క్షణాన్ని గొప్పగా చెప్పుకుంటారు. సారు ఆ ఉండ కోసం జనం కాళ్ల మధ్య 'ఎక్స్‌క్యూజ్ మీ అండీ' అనుకుంటూ పాకిన సంగతి ఎవరూ చెప్పరు. అన్నం కూడా చల్లారలేదు, మాడింది.

ఇంటికొచ్చాక అడిగాను. "నీకు తెలువదా బాపు?"

"తెలువకేంది. బిళ్ళ నా చేతుల వెట్టింది ఆయనే గదా. చెయ్యి ఇంక వణుకుతనే ఉండె."

"మరి దానమిచ్చిన దానమిచ్చిన అంటుంటె ఇన్నేండ్లు ఊకెట్లున్నవ్?"

"ఏదో ఒకటి అనుకోనియ్యిర. పేరు నాకిచ్చె. ఊర్లె తిరగాల్నంటె ఆయనకేమన్న ఉండాలె గదా."

గొప్ప మాటే కావచ్చు. కానీ ఆ గొప్పతనానికి కూలి కట్టింది అవ్వ. మెడ ముక్కలు తిన్నది నేను. పక్కగదిలోంచి అవ్వ కూడా సరిగ్గా అదే అంది, ఇంకొంచెం గట్టిగా, ఇక్కడ రాయలేని మాటలతో.

పిటిషన్ పడలేదు. కొమురయ్యను నేనే అని ఆఫీసు ముందర నిలబడడానికి పెద్దబాపు ఒప్పుకోలేదట. నిలబడితే, మరి మొదటి దినం ఏమైంది అని అడిగేవాళ్లు టెంటు నిండా తయారయ్యారు కదా. మెడికల్ బోర్డేమో బాపు మోకాళ్లను అటూ ఇటూ వంచి చూసి, నీకేం రోగం లేదు ఫో అంది. బాపు కొమురయ్యగానే పనిచేసి కొమురయ్యగానే దిగిపోయాడు. రాష్ట్రం వచ్చింది. నౌకరి తిరుపతికీ రాలేదు, నాకూ రాలేదు. ఉద్యమం మా ఇద్దరికీ చేసిన సమన్యాయం అదొక్కటే. ఇప్పుడు నేను కరీంనగర్‌లో పెండ్లి హాళ్లకు వెబ్‌సైట్లు చేసి బతుకుతున్నాను. ఎవరూ ఏదీ దాచమని అడగరు. అన్నీ ఒకేసారి, తెర నిండా, ఎగురుతూ కనబడాలంటారు. ఆ బాయి మూతపడింది. టెంటు వేసిన చోట ఫోన్లకు అద్దాలు అతికించే దుకాణం ఉంది. అప్పటి దినాలే బాగుండేవని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. బాగుండలేదు. ఒకరి పేరుతో ఇంకొకరు బతికే దినాలు బాగెట్లా ఉంటాయి? ఇప్పుడు వేలిముద్ర, కంటిపాప అన్నీ పట్టేసుకుంటున్నారు, ఎవడి పేరు వాడికే అతికి ఉంది. ఇప్పుడైతే పెద్దబాపు లాంటివాడు భయపడి పైకి ఉరికితే, ఆ బిళ్ళ అందుకోవడానికి ఏ తమ్ముడికీ వీలుండదు. ఇదీ బాగు అని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. అది నా తప్పు కాదు.

తిరుపతికి ఫోటో పంపాను. వెంటనే మళ్లీ ఫోన్. "తమ్మీ, టోపీ తీసెయ్యరాదా. కంప్యూటర్ల అయితదట గదా." "టోపీ కింద ఏమున్నదో ఫోటోకు తెల్వదన్నా. అది పేజీ గాదు, బాణం వెట్టంగనే బయటవడనీకి" అన్నాను. అబద్ధం కాదు, కొంచెం కష్టపడితే ఏదో ఒక బట్టతల అతికించగలిగేవాడిని. కష్టపడలేదు. అట్లా పెద్దకర్మ నాటికి మా ఊరి దారి మొదట్లో, బాయి నుంచి ఉరికొచ్చిన మనిషి బాయి టోపీ పెట్టుకుని నిలువెత్తు ఫ్లెక్సీ మీద నిలబడ్డాడు. కింద 'కొమురయ్య గారికి కన్నీటి నివాళి' అని రాసి ఉంది. బాపును కారులో తీసుకుపోతుంటే దాన్ని అద్దంలోంచి చాలాసేపు చూశాడు. "మరి కొమురయ్య సచ్చిండని వీళ్లు కాయితం తీస్తె, నేను బతికున్నట్టా లేనట్టా?" అన్నాడు. ఆధార్ నెంబర్లు వేరు బాపు, ఏం కాదు అన్నాను. నమ్మలేదు. ఫ్లెక్సీ కిందే కుర్చీ వేయించుకుని, నేను బతికే ఉన్నాను అన్నట్టు వచ్చేపోయే అందరికీ కనబడుతూ టీ తాగుతూ కూచున్నాడు.

కాసేపటికి సడక్ మీద ఆటో ఆగింది. పోశం మామ దిగాడు. చేతిలో బంతిపూల దండ. కొమురయ్య పోయాడన్న కబురు కాలనీకి చేరిందన్నమాట. దిగీ దిగగానే అందుకున్నాడు. "కొమురయ్య బావా! నన్నిడిసిపోతివా బావా! ఇగ నేనెవల్తోని తిరుగుదునే!" ఆ గొంతు ఏమీ తగ్గలేదు. గుండె చరుచుకుంటూ దారంతా నడిచొచ్చి, ఫ్లెక్సీ ముందుకు రాగానే తలెత్తి, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. మచ్చను చూశాడు. టోపీని చూశాడు. అక్కడి నుంచి చూపు మెల్లగా దించి, కింద కుర్చీలో టీ గ్లాసుతో ఉన్న బాపును చూశాడు.

"నువ్వు బతికే ఉన్నవా!" అన్నాడు. సంతోషం కాదు, కోపం. "సడక్ కాడి నుంచి ఏడ్సుకుంట అచ్చిన గదనే!"

"మా అన్న సచ్చిండు బావా" అన్నాడు బాపు.

పోశం మామ మళ్లీ ఫ్లెక్సీ వైపు తిరిగాడు. "సచ్చినంక గూడ టోపీ తియ్యలేదా గీయన?" అన్నాడు. పక్కనే గుండు చేయించుకున్న తిరుపతి నిలబడి ఉన్నాడు. పోశం మామ కండ్లు తుడుచుకుంటూ, "మరి నా ఏడుపేం గావాలె? ఉత్తగ వాయె" అన్నాడు.

బాపు టీ గ్లాసు నేల మీద పెట్టాడు. "పేరు ఆయనదే గదనే. ఆయనకే ముట్టింది తియ్యి" అన్నాడు. "దండ ఏసి రా. సాయ తాగుదువు."

ఫ్లెక్సీ ఎత్తుగా కట్టారు, చెయ్యి అందలేదు. ఎవరూ చెప్పకముందే తిరుపతి ఇంట్లోకి పోయి స్టూలు తెచ్చాడు. దానికి ఒక కాలు పొట్టి, ఎటు వేసినా ఊగుతోంది. పోశం మామ దండ మెడలో వేసుకుని, ఒక చేత్తో కట్టె పట్టుకుని ఎక్కాడు. తిరుపతి కింద గొంతుకూచుని ఆయన కాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. మామ పైనుంచి ఒకసారి వాడి గుండు వైపు చూసి, పెద్దబాపు టోపీ మీది నుంచి దండ జార్చుతూ అన్నాడు:

"గట్టిగ వట్టుకో బిడ్డా, ఇడిసిపెట్టకు. మీ బాపు గూడ గదే కాలు వట్టుకున్నడు."